టొరెంట్ ఒకరిది, నెట్ ఆగేది అందరికీ

తిరుపతిలో బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో, నలుగురు విద్యార్థులు ఒక్క ఇంటర్నెట్ కనెక్షన్‌తో సర్దుకునే గదుల్లో పాత గొడవ ఒకటుంది: "టొరెంట్ ఆపరా, ఇక్కడ పేజీ కూడా ఓపెన్ కావట్లేదు." టొరెంట్ అంటే ఫైళ్లని జనం కంప్యూటర్ల నుంచే ఒకరికొకరు పంచుకునే పద్ధతి. తిట్లన్నీ డౌన్‌లోడ్‌కే. చిక్కు మాత్రం చాలాసార్లు అప్‌లోడ్‌లో ఉండేది.

ఇలా పంచుకోవడానికి 1999లో వచ్చిన నాప్‌స్టర్‌లో పాటలు జనం కంప్యూటర్లలో, వాటి జాబితా కంపెనీ సర్వర్లలో ఉండేవి. కోర్టు దెబ్బకి 2001లో అది మూతపడింది. 2000లో పుట్టిన గ్నుటెల్లా అనే మరో పంపిణీ వ్యవస్థకి అలాంటి జాబితానే లేదు. అయితే అదే ఏడాది ఆడార్, హ్యూబర్‌మన్ అనే పరిశోధకులు లెక్కతీస్తే, అందులో దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలూ పంచడం లేదని తేలింది. ఎక్కువమంది పుచ్చుకునేవాళ్లే!

బ్రామ్ కోహెన్ 2001లో బిట్‌టొరెంట్‌తో దీనికి మందు కనిపెట్టాడు. ఫైలుని ముక్కలు చేస్తే, మొత్తం దిగకముందే చేతికొచ్చిన ముక్కని ఇంకొకరికి పంపొచ్చు. ఎక్కువమంది దగ్గర లేని ముక్కని ముందు తెచ్చుకోవాలి. లేదంటే అది ఉన్న ఒక్కడూ వెళ్లిపోతే అందరికీ 99 శాతం దగ్గర ఆగిపోతుంది. ఇక ఎవరికి పంపాలి? బిట్‌టొరెంట్ ప్రోగ్రామ్ తనకి బాగా పంపుతున్నవాళ్లకే పంపుతుంది. పది సెకన్లకోసారి లెక్క చూసుకుని కొద్దిమందినే ఎంచుకుంటుంది. మరి కొత్తగా చేరినవాడి దగ్గర ఇవ్వడానికి ఏముంటుంది? అందుకే 30 సెకన్లకోసారి ఎవరో ఒకరికి ఊరికే అవకాశమిస్తుంది. నన్నడిగితే కోహెన్ తెలివంతా ఈ చిన్న దానంలోనే ఉంది. 2007లో వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ లెక్కనీ బోల్తా కొట్టించే బిట్‌టైరెంట్ అనే ప్రోగ్రామ్ తయారుచేశారు, అది వేరే సంగతి.

మన ఇళ్లకి అప్పట్లో వచ్చింది టెలిఫోన్ తీగ మీద నడిచే ఏడీఎస్ఎల్ అనే ఇంటర్నెట్ కనెక్షన్. ప్రభుత్వ 2004 విధానం ప్రకారం వేగం 256 కేబీపీఎస్ (సెకనుకి 256 కిలోబిట్లు) ఉంటే అప్పట్లో బ్రాడ్‌బ్యాండే. రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా ఉచితమనే బీఎస్ఎన్ఎల్ ప్లాన్ల కోసం అలారం పెట్టుకుని లేచినవాళ్లు చాలామందే ఉన్నారు. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఒక రోడ్డు ఉన్నట్టే ఏడీఎస్ఎల్‌లోనూ రెండు దారులు. కాకపోతే ఎక్కేది, అంటే అప్‌లోడ్ దారి, బాగా ఇరుకు. అది జామ్ అయితే దిగే రోడ్డు ఖాళీగా ఉన్నా లాభం లేదు. ఎందుకంటే పేజీ దిగాలన్నా "అందింది" అనే చిన్న కబురు పైకి వెళ్తూ ఉండాలి. టొరెంట్ పంపే ముక్కలు మోడెంలో బారులు తీరితే ఆ కబురు వాటి వెనకే నిలబడాలి.

అమెరికాలో కామ్‌కాస్ట్ అనే ఇంటర్నెట్ కంపెనీ దీనికి మోటు వైద్యం చేసింది. నకిలీ సందేశాలతో టొరెంట్ కనెక్షన్లు తెంచుతూ 2007లో దొరికిపోయింది. 2008లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తప్పుపట్టింది, 2010లో కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది.

పనికొచ్చిన మార్పు సాఫ్ట్‌వేర్ లోపలే జరిగింది. 2010లో యూటొరెంట్ అనే టొరెంట్ ప్రోగ్రామ్ 2.0 వెర్షన్‌తో వచ్చిన యూటీపీ అనే పంపే పద్ధతి ప్రతి ప్యాకెట్ (డేటా ముక్క) ఎంత ఆలస్యమవుతోందో కొలుస్తుంది. ఆలస్యం పెరిగితే, ఇంకెవరో లైన్ వాడుతున్నారని తనే తగ్గుతుంది. ఈ పద్ధతే 2012లో లెడ్‌బ్యాట్ పేరుతో ఆర్‌ఎఫ్‌సీ 6817 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం అయింది. తనవల్ల కలిగే ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటకూడదన్నది అందులో పెట్టుకున్న హద్దు.

ఇంటర్నెట్‌లో మామూలుగా డేటా పంపే పద్ధతి టీసీపీ మీద నడిచే టొరెంట్లు మాత్రం ఇంత మర్యాద చూపవు. వాటికి సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ వేగాన్ని లైన్ మోయగలిగినదానికంటే కాస్త తక్కువకి కట్టేయాలి. మరీ బిగిస్తే ఎదుటివాళ్లూ ముక్కలు పంపడం తగ్గిస్తారు. పిసినారితనంతో యూటొరెంట్‌లో ఆ గడిలో సున్నా కొట్టారా, హద్దే లేదని దాని అర్థం.