టేకు పంగలు చీలడం వెనక గింజ చరిత్ర

నల్గొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో గట్ల మీద పెట్టిన టేకు వరసల్లో నేల ఒకటే, వాన ఒకటే, వయసూ ఒకటే. అయినా ఒక చెట్టు నిటారుగా పోతుంది, పక్కది రెండు నిలువుల ఎత్తులోనే పంగ చీలుతుంది. దుంగ లావుతో పాటు పొడవును బట్టి కూడా ధర కాబట్టి నష్టపోయేది రైతే. నీళ్లు, ఎరువుల గురించి అందరూ అడుగుతారు. గింజ ఏ చెట్టుదని అడిగేవాళ్లు అరుదు.

కొన విరిగినా, పురుగు తిన్నా చెట్టు చీలుతుంది. అయితే పెద్ద కారణం పూత. టేకు పూలగుత్తి కొన మొగ్గ నుంచే వస్తుంది. మొదటిసారి పూయగానే ఆ కొన ఆగిపోయి, దాని కిందున్న ఎదురెదురు మొగ్గలు రెండూ పక్కలకు సాగుతాయి. ఆలస్యంగా పూసే చెట్టుకు అప్పటికే పొడవాటి మాను ఉంటుంది. తొందరగా పూసేది పొట్టిగా ఉండగానే చీలుతుంది, ఈ గుణం చాలావరకు తల్లి చెట్టు నుంచి వచ్చేదే. చిక్కంతా ఇక్కడే ఉంది. అలాంటి పొట్టి, కొమ్మల చెట్టుకే కాయ అందుతుంది. బస్తా నింపాల్సిన కూలీ దాన్నే దులుపుతాడు. ఏటా అదే జరిగితే నర్సరీకి చేరేది పంగ చెట్ల సంతానమే.

మన దేశంలో టేకు తోటల పెంపకం 1840ల్లో కేరళలోని నీలంబూర్‌లో మొదలైంది. మలబారు కలెక్టర్ కానొలీ, ఆయన కింద పనిచేసిన చాతు మీనన్ ముందున్న సమస్య గట్టి పెంకు గింజను మొలిపించడమే. మేలు చెట్లను గుర్తించి, అంటుకట్టి విత్తన తోటలు వేయడం 1960ల్లో గానీ మొదలు కాలేదు. అవీ ఆశించినంత కాయలేదు. టేకు తన పుప్పొడితో తాను సరిగా కాయ కట్టదు. వేర్వేరు ప్రాంతాల చెట్లు ఒకేసారి పూయవు. నూరు పూలకు నిలిచేవి ఒకటి రెండు కాయలే. దాంతో రోడ్డు పక్క చెట్లే మళ్లీ దిక్కయ్యాయి.

జామాయిల్‌లో గింజను పక్కనబెట్టడం కుదిరింది. భద్రాచలం కాగితం మిల్లు 1989లో క్లోన్ల (ఒకే చెట్టు ముక్కల నుంచి పెంచిన, అచ్చం దానిలాంటి మొక్కల) పని మొదలుపెట్టింది. మేలైన చెట్టును కొట్టి, మోడు మీద వచ్చిన లేత పిలకలను ముక్కలు చేసి, ఆకు సగానికి కత్తిరించి, వేరు పట్టించే ఐబీఏ హార్మోన్ పొడి అద్ది, సన్నని నీటి తుంపర పడే మిస్ట్ చాంబర్‌లో సుమారు నెల రోజులు ఉంచితే వేరు పడుతుంది. గింజ మొక్కల తోట హెక్టారుకు ఏటా 6–10 ఘనపు మీటర్లు పెరిగితే, మంచి నేలలో మేలైన క్లోన్లు 20 దాటాయి. చేనంతా ఒకే క్లోన్ వేయడం మాత్రం ప్రమాదం. 2000 తర్వాత ఆకు ఈనెల మీద, కాడల మీద బుడిపెలు కట్టించే చిన్న కందిరీగ వచ్చినప్పుడు, దాన్ని తట్టుకోలేని క్లోన్ల చివుళ్లు మెలితిరిగి ఎదుగుదల ఆగిపోయింది. చౌడు భూముల్లో కొన్ని క్లోన్ల ఆకులు పసుపెక్కుతాయి కూడా.

అందుకే జామాయిల్ కొనేటప్పుడు క్లోన్ నంబరు బిల్లు మీద రాయించుకోవాలి, రెండు మూడు క్లోన్లు వేరువేరు మడుల్లో పెట్టాలి. టేకు స్టంపు (నారు మొక్క కాండాన్ని, పక్క వేర్లను కత్తిరించగా మిగిలే వేరు మోడు) మెడ దగ్గర 1–2 సెంటీమీటర్ల లావు, వేరు 15–20 సెంటీమీటర్ల పొడవు ఉండి, తొక్క ఎండకుండా ఉంటే నాటుకోవచ్చు. లావు స్టంపు తొందరగా లేస్తుందే తప్ప నిటారుగా పోతుందన్న హామీ ఉండదు. గింజ ఎక్కడ, ఎలాంటి చెట్ల కింద ఏరారో నర్సరీ వాళ్లనే అడగాలి. సొంత గట్ల మీద పంగ చెట్ల గింజను మాత్రం నారుకు వాడొద్దు.