అమెరికా ప్రెసిడెంట్ అభ్యర్థుల దానధర్మాలు, జాతి, నిజాయితీ: ఒక ట్యాక్స్ ప్రిపేరర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను డాలస్ దగ్గర ట్యాక్స్ రిటర్నులు చేస్తుంటాను, ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని (అంటే ఐఆర్‌ఎస్ అనే అమెరికా పన్నుల శాఖ లైసెన్సు ఉంది), పద్నాలుగేళ్ళ నుంచీ ఇదే పని. మధ్యలో 2020లో కొన్ని వారాలు సెన్సస్ (జనాభా లెక్కల) వాళ్ళకి ఎన్యూమరేటర్‌గా, అంటే వివరాలు రాసుకునే మనిషిగా ఇల్లిల్లూ తిరిగాను. అంటే నాకు బాగా తెలిసినవి రెండు ఫారాలు, ఒకటి మనిషి డబ్బు గురించి అడిగేది, ఇంకోటి మనిషి జాతి గురించి అడిగేది. ఎలక్షన్ ఏడాది వచ్చిందంటే చాలు మన పాట్‌లక్‌లలో, గుడి పార్కింగ్ లాట్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో సరిగ్గా ఈ రెండిటి మీదే గొడవ: ఆయన సొంత జేబులోంచి ఎవరికైనా పైసా ఇచ్చాడా, ఆవిడ నిజంగా బ్లాకేనా, అసలు వీళ్ళు చెప్పుకునే మనుషులేనా లేక ఓట్ల కోసం వేషమా. ప్రశ్నలు తప్పు కాదు, అడగాల్సినవే. కానీ జవాబుగా తిరిగే మాటల్లో సగం తప్పులు, వింటుంటే నాకు ఊరుకోబుద్ధి కాదు. నా ఓటు ఎవరికో ఇక్కడ చెప్పను, రెండు పార్టీల వాళ్ళ కాగితాలూ ఒకే కళ్ళతో చూద్దాం.

అపోహ: రిటర్న్‌లో చారిటీ తక్కువ కనిపిస్తే ఆ మనిషి ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం

వాస్తవం ఏంటంటే ట్యాక్స్ రిటర్న్ మీరు ఇచ్చిన దానాల చిట్టా కాదు, మీరు ఇచ్చినవాటిలో గవర్నమెంట్ తగ్గింపు ఇస్తానన్నవాటి చిట్టా. అది కూడా తగ్గింపులు ఒక్కొక్కటిగా రాసే షెడ్యూల్ ఏ అనే ఫారం నింపేవాళ్ళకే (దీన్నే ఐటెమైజ్ చెయ్యడం అంటారు). 2017 చివర్లో వచ్చిన చట్టంతో 2018 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ (విడివిడిగా లెక్క చూపించకుండానే ఇచ్చే తగ్గింపు) ఒక్కరికి 12,000, భార్యాభర్తలకి 24,000 డాలర్లకి పెరిగింది, దాంతో అంతకుముందు పదిమందిలో ముగ్గురు దాకా ఐటెమైజ్ చేసేవాళ్ళు, తర్వాత పదిమందిలో ఒక్కరికి పడిపోయారు. మిగతా తొమ్మిదిమంది దానం మానేశారా? లేదు, రాయడానికి లైను లేదంతే.

మనవాళ్ళ సంగతి ఇంకా వేరే. ఊళ్ళో హైస్కూల్‌కి గది కట్టించినా, తమ్ముడి పిల్లల ఫీజులు కట్టినా, అక్కడి గుడి హుండీలో వేసినా ఒక్క డాలర్ కూడా ఇక్కడ లెక్కలోకి రాదు, ఎందుకంటే పుచ్చుకునే సంస్థ ఐఆర్‌ఎస్ గుర్తించిన అమెరికా సంస్థ అయ్యుండాలి. ఊళ్ళో బడి గోడ మీద శిలాఫలకం ఉంటుంది, రిటర్న్‌లో సున్నా ఉంటుంది. నా సొంత రిటర్న్ తీసినా 2018 నుంచీ ఆ లైన్లు ఖాళీనే. 2026 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్ళకి కూడా ఒక్కరికి 1,000, జంటకి 2,000 డాలర్ల దాకా నగదు విరాళానికి తగ్గింపు ఇస్తున్నారు, కాబట్టి ఇకనుంచీ కొంచెం కనిపిస్తుంది.

అయితే ఇదే మాట చెప్పి అభ్యర్థులందర్నీ వెనకేసుకురావడం కుదరదు. వాళ్ళలో చాలామంది పెద్ద ఆదాయం, పెద్ద ఇల్లు ఉన్నవాళ్ళు, షెడ్యూల్ ఏ నింపుతారు, మంచి అకౌంటెంట్లు ఉంటారు, ఇచ్చింది రాయకుండా వదిలే అవకాశం తక్కువ. జో బైడెన్ దంపతులు 1998 నుంచి 2007 దాకా పదేళ్ళలో చూపించిన మొత్తం విరాళాలు 3,690 డాలర్లు. ఏడాదికి కాదు, పదేళ్ళకి. 2007లో ఆదాయం 3 లక్షల 19 వేల పైన, ఇచ్చింది 995. చర్చి ప్లేటులో వేసిన నగదుకి రసీదు ఉండదు, నిజమే, గుప్తదానం అనేది ఏ మతంలో అయినా ఉంటుంది, అది కలుపుకున్నా తక్కువే, తక్కువ అనడానికి మొహమాటపడక్కర్లేదు. 2020 ఎన్నికకి పోటీపడ్డ డెమొక్రాట్ బెటో ఓ'రూర్క్ 2017లో 3 లక్షల 66 వేలు సంపాదించి 1,166 చూపించాడు, వర్జీనియా యూనివర్సిటీలో ఒక స్టూడెంట్ మొహం మీదే అడిగితే ప్రజాసేవే నా విరాళం అన్న ధోరణిలో జవాబిచ్చాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు. మన టైముకి ఐఆర్‌ఎస్ కూడా తగ్గింపు ఇవ్వదు, వాలంటీర్ పనికి కారు వేసుకెళ్తే మైలుకి 14 సెంట్లు మాత్రం ఇస్తుంది.

అపోహ: ఒక్క ఏడాది రిటర్న్ చూస్తే మనిషి తెలిసిపోతాడు

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. పోటీలో దిగాక వేసిన రిటర్న్ కన్నా, ఎవరూ చూస్తారని అనుకోనప్పుడు వేసిన రిటర్న్ వంద రెట్లు విలువైంది. 1968 ఎన్నికల కోసం జార్జ్ రోమ్నీ (2012లో రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రోమ్నీ నాన్నగారు) ఏకంగా పన్నెండేళ్ళ రిటర్నులు బయటపెట్టాడు, ఒక్క ఏడాదిదైతే చూపుకోసం చేసింది కావచ్చు అని ఆయనే చెప్పాడు. ఈ విషయం అభ్యర్థుల్లో అందరికన్నా ఆయనకే బాగా అర్థమైంది.

ఒబామా దంపతుల్ని తీసుకోండి. 2002లో ఆదాయం 2,59,394 డాలర్లు, విరాళం 1,050. అప్పటికి స్టూడెంట్ లోన్లు తీరలేదు, ఇద్దరు చిన్నపిల్లలు. 2005లో పుస్తకాల డబ్బు వచ్చింది, విరాళం 77 వేలు దాటింది. 2011కి వచ్చేసరికి 7,89,674లో 1,72,130 ఇచ్చారు, అంటే దాదాపు 22 శాతం. ఇందులో ఏది అసలు ఒబామా? డబ్బు పెరిగింది, చూసే కళ్ళూ పెరిగాయి, రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి ఏది కారణమో కాగితం చెప్పలేదు. కానీ 2011 అంకె ఒక్కటే ఫార్వార్డ్ చేసి మహాదాత అనేవాళ్ళూ, 2002 అంకె ఒక్కటే చూపించి పిసినారి అనేవాళ్ళూ ఇద్దరూ సగం కథే చెప్తున్నారు. బైడెన్ కూడా అంతే, వైస్ ప్రెసిడెంట్ పదవి దిగిపోయాక 2017లో కోటీ పది లక్షల డాలర్లు వస్తే పది లక్షల పైన ఇచ్చారు.

మిట్ రోమ్నీ 2011 రిటర్న్ మాత్రం మా వృత్తిలో పాఠంగా చెప్పుకోవాల్సింది. ఇచ్చింది 40 లక్షల డాలర్లు, తగ్గింపుగా అడిగింది 22 లక్షల 50 వేలు మాత్రమే. ఎందుకంటే పదేళ్ళలో ఏనాడూ 13 శాతం కన్నా తక్కువ పన్ను కట్టలేదని అప్పటికే చెప్పి ఉన్నాడు, మొత్తం దానం రాస్తే రేటు దానికి కిందకి పోయేది, అందుకని కావాలని తక్కువ రాసి 14.1 శాతం కట్టాడు. దానం నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ ఆ లైన్లో అంకె ప్రచారం కోసం అతికినట్టు రాసింది. ఇంకో సంగతి, రిటర్న్ సవరించుకోడానికి మామూలుగా మూడేళ్ళ గడువు ఉంటుంది, అంటే వదిలేసిన తగ్గింపు ఎన్నికలయ్యాక మళ్ళీ అడిగే దారి కూడా ఉంది. అందుకే ఒక్క ఏడాది కాగితంతో తీర్పు చెప్పొద్దంటున్నాను.

అపోహ: పెద్ద అంకె అంటే పెద్ద మనసు

ఎక్కడికి వెళ్ళిందో చూడకుండా అంకెకి అర్థం లేదు. రోమ్నీ ఇచ్చినదాంట్లో పెద్ద భాగం ఆయన మోర్మన్ చర్చికి, ఆదాయంలో పదోవంతు ఇవ్వాలనేది వాళ్ళ నియమం, దాన్ని నేను చిన్నచూపు చూడను, నియమం పెట్టుకుని నిలబెట్టుకోవడం కూడా గొప్పే. క్లింటన్ దంపతులు 2015లో ఇచ్చిన పదిలక్షల పైచిలుకులో సరిగ్గా పదిలక్షలు వాళ్ళ సొంత ఫ్యామిలీ ఫౌండేషన్‌కే వెళ్ళాయి. ఫౌండేషన్‌లో వేసిన రోజునే తగ్గింపు వచ్చేస్తుంది, అవసరంలో ఉన్నవాళ్ళకి చేరేది తర్వాతెప్పుడో. అప్పటి వైస్ ప్రెసిడెంట్ డిక్ చెనీ 2005లో 68 లక్షల పైన విరాళం చూపించి 19 లక్షలు రిఫండ్ తీసుకున్నాడు, కత్రినా తుఫాను తర్వాత విరాళాల తగ్గింపు ఆదాయంలో సగం దాటకూడదన్న పరిమితిని ఆ ఏడాదికి తీసేశారు కాబట్టి అది చట్టబద్ధమే.

నిక్సన్‌ది చట్టబద్ధం కాదు. వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పటి తన కాగితాలు ప్రభుత్వానికి దానం చేశానని 5 లక్షల 76 వేల డాలర్ల విలువ రాసుకున్నాడు, అలాంటి దానాలకి తగ్గింపు 1969 జూలైతో ఆగిపోయింది, దానపత్రం మీద తారీఖు వెనక్కి వేశారని తర్వాత తేలింది. 1970లో దేశాధ్యక్షుడు కట్టిన ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ 800 డాలర్లు కూడా లేదు. బయటపడ్డాక 4 లక్షల పైన కట్టడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. దానం అనే మాటకే మచ్చ తెచ్చిన పని అది.

ట్రంప్ గురించి రెండు మాటలు నడుస్తాయి. ఒకటి, జీతం వదులుకున్న మొదటి ప్రెసిడెంట్ అని. ఏడాదికి 4 లక్షల జీతాన్ని విడతలుగా ప్రభుత్వ శాఖలకి ఇచ్చింది నిజం, మొదటివాడన్నది తప్పు, హూవర్, కెనడీ ఇద్దరూ జీతం దానం చేశారు. రెండోది, ఆయన ఫౌండేషన్ మీద కేసులన్నీ కట్టుకథ అని. 2016 జనవరిలో అయోవాలో మాజీ సైనికుల కోసం సేకరించిన డబ్బుని ప్రచారానికి వాడుకునేలా చేశారని 2019లో న్యూయార్క్ కోర్టు ఆయన్ని 20 లక్షల డాలర్లు చారిటీలకి కట్టమంది, ఫౌండేషన్ మూతపడింది. తర్వాత కాంగ్రెస్ కమిటీ బయటపెట్టిన రిటర్నుల్లో 2020 విరాళాలు సున్నా. జీతం ఇచ్చాడన్నదీ నిజమే, ఇవీ నిజమే, రెండూ ఒకే మనిషివి.

అపోహ: ఆడిట్ నడుస్తుంటే రిటర్న్ బయటపెట్టకూడదు

తప్పు. మీ రిటర్న్ మీ సొత్తు, ఆడిట్‌లో ఉన్నా ఎవరికైనా చూపించుకోవచ్చు. 1977 నుంచి ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ రిటర్నులు ప్రతి ఏడాదీ ఆడిట్ చెయ్యాలని ఐఆర్‌ఎస్ నియమమే ఉంది, అయినా చాలామంది బయటపెడుతూనే వచ్చారు. అలాగని బయటపెట్టాలని ఫెడరల్ చట్టమూ లేదు, ఆనవాయితీ మాత్రమే.

అపోహ: కమలా హారిస్ ఉన్నట్టుండి బ్లాక్ అయింది

2024 జూలై 31న షికాగోలో బ్లాక్ జర్నలిస్టుల సభలో ట్రంప్ ఈ మాట అన్నాక మన గ్రూపుల్లో కూడా అదే పాట, పైగా మన దగ్గర దానికి ఇంకో బాధ కలిసింది, "మన పిల్లనని చెప్పుకోవడం ఆవిడకి నామోషీ" అని. ఇక్కడ కూడా నా పద్ధతి అదే, ఎవరూ చూడనప్పటి కాగితాలు చూడండి. 1982 నుంచి 86 దాకా వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీలో చదివింది, అది నల్లజాతి వాళ్ళ చరిత్రలో పేరున్న యూనివర్సిటీ, అక్కడే నల్లజాతి మహిళల సొరోరిటీ (కాలేజీ అమ్మాయిల సంఘం) ఏకేఏలో చేరింది, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో లా చదివేటప్పుడు బ్లాక్ విద్యార్థుల సంఘానికి ప్రెసిడెంట్. పద్దెనిమిదేళ్ళ పిల్ల నలభై ఏళ్ళ తర్వాతి ఎన్నిక కోసం కాలేజీ ఎంచుకోదు కదా. తండ్రి డోనల్డ్ హారిస్ జమైకా నుంచి, తల్లి శ్యామలా గోపాలన్ మద్రాసు నుంచి. ఈ దేశం తన కూతుళ్ళని నల్లపిల్లలుగానే చూస్తుందని ఆ తల్లికి తెలుసు, అందుకే వాళ్ళని ఆత్మవిశ్వాసం ఉన్న నల్లజాతి స్త్రీలుగా పెంచాలనుకుందని హారిస్ స్వయంగా రాసుకుంది. ఒకటి అయితే ఇంకోటి కాకూడదని ఎవరన్నారు?

ఎన్యూమరేటర్‌గా మాకు ట్రైనింగ్‌లో చెప్పింది కూడా ఇదే, ఎదుటి మనిషిని చూసి మీరు ఊహించొద్దు, వాళ్ళు ఏం చెప్తే అది రాయండి అని. (నేను వెళ్ళిన ఇళ్ళ సంగతులు చెప్పను, చెప్పకూడదు, 72 ఏళ్ళు రహస్యం.) ఒకప్పుడు ఇలా కాదు, 1950 దాకా వచ్చిన ఉద్యోగే మొహం చూసి రాసేవాడు. ఒకటి కన్నా ఎక్కువ జాతులు టిక్ పెట్టనిచ్చింది 2000 నుంచే. ఆ వీలున్నా 2010లో ఒబామా బ్లాక్ అన్న గడి ఒక్కటే టిక్ పెట్టాడు, పెంచింది తెల్లతల్లి, తెల్ల అమ్మమ్మా తాతయ్యలు అయినా. అది ఆయన ఇష్టం, నియమం కూడా అదే చెప్తుంది.

మనవాళ్ళ చరిత్ర తెలిస్తే ఈ విషయంలో ఎవర్నీ తొందరపడి మాట అనలేం. 1923లో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ అనే సిక్కుని నువ్వు తెల్లవాడివి కాదు కాబట్టి పౌరసత్వం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 1920 నుంచి 40 దాకా సెన్సస్‌లలో మనవాళ్ళ జాతి పేరు "హిందూ", సిక్కు అయినా ముస్లిం అయినా అదే. 1970లో మనల్ని తెల్లవాళ్ళలో కలిపి లెక్కేశారు. 1980లో కానీ ఏషియన్ ఇండియన్ అనే గడి రాలేదు. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి 2024లో రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి పోటీపడ్డ నిక్కీ హేలీ 2001 ఓటరు కార్డులో జాతి దగ్గర తెల్ల అని రాసుకుందని బయటపడినప్పుడు మనవాళ్ళు చాలా తిట్టారు, నాకూ బాధ కలిగింది. కానీ ఆవిడ పుట్టింది 1972లో సౌత్ కరోలినాలో బాంబర్గ్ అనే చిన్న ఊళ్ళో, చిన్నప్పుడు అందాల పోటీకి వెళ్తే తెల్లవాళ్ళకొక కిరీటం, నల్లవాళ్ళకొక కిరీటం, మీరు ఏ వరసలోకీ రారని అక్కాచెల్లెళ్ళిద్దర్నీ పక్కన పెట్టేశారు. ఏ గడిలోనూ చోటివ్వని ఊళ్ళో పెరిగిన మనిషి కార్డు అది.

2020లో పోటీపడ్డ డెమొక్రాట్ సెనేటర్ ఎలిజబెత్ వారెన్‌కి మాత్రం పాత కాగితమే ఎదురుతిరిగింది. 1986లో టెక్సస్ బార్ (లాయర్ల సంఘం) కార్డు మీద అమెరికన్ ఇండియన్ (అంటే అమెరికా ఆదివాసీ) అని సొంత చేత్తో రాసింది, 2018లో డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఆరు నుంచి పది తరాల వెనక ఆదివాసీ పూర్వీకులు ఒకరు ఉండొచ్చని వచ్చింది, చెరోకీ నేషన్ అనే ఆదివాసీ తెగ వాళ్ళు మా సభ్యత్వం రక్తపరీక్షతో తేలేది కాదని గట్టిగా చెప్పారు, ఆవిడ క్షమాపణ చెప్పింది. దానివల్ల ఉద్యోగాలు వచ్చాయన్న ఆరోపణకి మాత్రం ఆధారం దొరకలేదు.

అపోహ: టీవీలో చూస్తే అసలు మనిషి తెలిసిపోతాడు

1992లో పెద్ద బుష్ సూపర్ మార్కెట్ స్కానర్ చూసి నోరెళ్ళబెట్టాడు, సరుకుల ధరలు కూడా తెలియని దొరగారు అని దేశమంతా చెప్పుకున్నారు. జరిగింది ఓర్లాండోలో కిరాణా వ్యాపారుల సభ, ఆయనకి చూపించింది చిరిగిన బార్‌కోడ్ కూడా చదివే కొత్త మెషీన్, ఆ కథ రాసిన రిపోర్టర్ అక్కడ లేనే లేడు. 1999లో అప్పటి వైస్ ప్రెసిడెంట్ ఆల్ గోర్ ఇంటర్నెట్ నేనే కనిపెట్టా అన్నాడని ఇప్పటికీ అంటారు, ఆయన అన్నది కాంగ్రెస్‌లో ఉన్నప్పుడు ఇంటర్నెట్ సృష్టికి చొరవ తీసుకున్నానని. గొప్ప చెప్పుకున్నాడు, సరే, కానీ నిధుల చట్టం నిజంగానే తెచ్చాడు. ఇద్దరికీ ఆ ముద్రలు ఇప్పటికీ పోలేదు.

మీరే చూసుకోవాలనుకుంటే ప్రెసిడెంట్లు, అభ్యర్థులు బయటపెట్టిన పాత రిటర్నుల్ని ట్యాక్స్ అనలిస్ట్స్ అనే సంస్థ దాచిపెట్టి ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తుంది. ఈమధ్య రిటర్న్ అయితే షెడ్యూల్ ఏ తెరిచి 11వ లైను చూడండి, అది నగదు. 12 వస్తువులూ షేర్లూ, ఇక్కడ పెద్ద అంకె ఉంటే విలువ ఎవరు కట్టారో చూడాలి. 13 పాత ఏడాది మిగిలిన దానం ఈ ఏడాదికి తెచ్చుకున్నది, చాలామంది దాన్ని కొత్త దానం అనుకుంటారు. సొంత ఫౌండేషన్ ఉంటే 990-పీఎఫ్ అనే ఫారం ఎవరైనా చూడొచ్చు, డబ్బు లోపలికి ఎంత వచ్చింది, బయటికి ఎంత వెళ్ళింది రెండూ అందులోనే ఉంటాయి. అన్నిటికన్నా ముందు, పోటీ ప్రకటించిన ఏడాది ఏదో రాసిపెట్టుకుని దానికి కనీసం ఐదేళ్ళ వెనక నుంచి చదవడం మొదలుపెట్టండి.