వాన్ గో మ్యూజియం గొడవ: అసలు సంగతి 1962 నాటి కాగితంలో ఉంది

"వాన్ గో మ్యూజియం మూసేస్తారటగా, సాయంత్రంలోగా ఏదైనా రాసివ్వు" అని మధ్యాహ్నం అన్నం తింటుండగా ఫోన్ వచ్చింది. కాబట్టి విన్సెంట్ వాన్ గో అనే డచ్ చిత్రకారుడు చెవి కోసుకున్న కథ, బతికుండగా బొమ్మలు అమ్ముడుపోని కథ, పిచ్చాసుపత్రి కథ ఇక్కడ ఉండవు. అవి అందరికీ తెలిసినవే.

ముందు గొడవేంటో చూద్దాం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని మ్యూజియం భవనం పాతబడింది. లోపలి ఉష్ణోగ్రత, తేమ అదుపులో ఉంచే యంత్రాలు, లిఫ్టులు, అగ్నిప్రమాదం జరగకుండా చేసే ఏర్పాట్లు, అన్నీ మార్చాలి. 2028లో మొదలుపెడితే మూడేళ్ల పని, 10 కోట్ల 40 లక్షల యూరోల ఖర్చు. డచ్ ప్రభుత్వం ఏటా 85 లక్షల యూరోలు ఇస్తోంది, దాని మీద ఇంకో 25 లక్షలు పెంచమని మ్యూజియం అడిగితే కుదరదన్నారు. దాంతో 2025 ఆగస్టులో మ్యూజియం వాళ్లు, డబ్బివ్వకపోతే తలుపులు మూసుకోవాల్సి వస్తుందని బాహాటంగానే చెప్పి, ప్రభుత్వం మీదే న్యాయపోరాటానికి దిగారు. అప్పటినుంచి ఈ వార్త చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటోంది.

ఏడాదికి 18 లక్షల మంది టికెట్ కొనుక్కుని వెళ్లే చోటికి ప్రభుత్వం డబ్బెందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. దీనికి జవాబు దొరకాలంటే చిత్రకారుణ్ణి కాసేపు పక్కన పెట్టి, ఆయన తమ్ముడి కొడుకు దగ్గరికి వెళ్లాలి.

ఆ పిల్లాడు పుట్టింది 1890 జనవరి 31న. పేరు పెదనాన్నదే, విన్సెంట్ విల్లెమ్. వాడు పుట్టాడని తెలిసి ఆయన వేసిన బొమ్మే బాదం పూత: నీలాకాశం, దాని మీద వంకర్లు తిరిగిన కొమ్మలు, తెల్లటి పూలు. నిన్న బెజవాడ బీసెంట్ రోడ్డులో మొబైల్ కవర్లు అమ్మే కుర్రాడి బండి మీద అదే బొమ్మ వేలాడుతోంది, ప్లాస్టిక్ సంచిలో, పక్కన హీరోల ఫొటోలతో. ఏంటి ఇది అంటే "బ్లూ ఫ్లవర్స్ డిజైన్ సార్, లేడీస్ బాగా తీసుకుంటారు" అన్నాడు. దాని పక్కన ఆయనే వేసిన నక్షత్రాల రాత్రి కూడా ఉంది. అది మాత్రం ఆమ్‌స్టర్‌డామ్‌ది కాదు, 1941 నుంచి న్యూయార్క్‌లో ఉంది.

పిల్లాడికి ఆరు నెలలు నిండకముందే పెదనాన్న పోయాడు. ఇంకో ఆరు నెలలకి, 1891 జనవరిలో, నాన్న థియో కూడా పోయాడు. పెళ్లయి రెండేళ్లు కూడా కాని థియో భార్య జోహానాకి మిగిలింది చంకలో బిడ్డ, ఇంటినిండా ఎవరూ కొనని బొమ్మలు. వదిలించుకోమని చెప్పినవాళ్లు ఉన్నారు. ఆవిడ అవన్నీ మూట కట్టుకుని హాలండ్‌లోని బుస్సుమ్ అనే చిన్న ఊరికి వెళ్లి, అద్దెకుండేవాళ్లకి భోజనం, గది ఇచ్చి బతుకుతూ, ఒక్కొక్క బొమ్మనీ ఒక్కొక్కరికీ చూపించుకుంటూ వచ్చింది. 1905లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో హాళ్లు అద్దెకు తీసుకుని, 480కి పైగా బొమ్మలతో ప్రదర్శన పెట్టింది. 1914లో అన్నదమ్ముల ఉత్తరాలు అచ్చు వేయించింది. అదే ఏడాది భర్త అస్థికల్ని ఫ్రాన్స్‌లోని ఓవర్ ఊరికి తీసుకెళ్లి అన్నగారి సమాధి పక్కనే పెట్టించింది. ఇవాళ టూరిస్టులు ఐవీ తీగ అల్లుకున్న ఆ జంట సమాధుల ముందు ఫొటో దిగుతున్నారంటే అది ఆవిడ చేసిన ఏర్పాటే.

అవసరానికి కొన్ని అమ్మింది కూడా. 1924లో పొద్దుతిరుగుడు పూల బొమ్మ ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీకి ఇచ్చింది, అదీ మనసొప్పక, చాలా బతిమాలాక. మరుసటి ఏడాది ఆవిడ పోయింది. మిగిలినవన్నీ కొడుకు చేతికొచ్చాయి. ఆయన ఇంజనీరు. పేర్లు కలిసిపోకుండా ఆయన్ని ఇప్పటికీ 'ఇంజనీరు' అనే అంటారు. మన గుంటూరు, బెజవాడల్లో ఈ మాట విని మురిసిపోనివాళ్లు ఉండరనుకోండి.

ఇంజనీరుగారికి ఒకటే భయం, తన తర్వాత ఇవన్నీ చెల్లాచెదురైపోతాయని. వేలం వేస్తే వచ్చే డబ్బు ఎంతో ఆయనకి తెలుసు. అయినా 1962లో డచ్ ప్రభుత్వంతో ఒప్పందానికొచ్చి, మార్కెట్ ధర కంటే బాగా తక్కువకి మొత్తం సేకరణని ఒక ఫౌండేషన్ పేరున పెట్టారు. 200 పైచిలుకు పెయింటింగులు, 500 దరిదాపు డ్రాయింగులు, వందల ఉత్తరాలు. అందుకు బదులుగా ప్రభుత్వం మ్యూజియం కట్టాలి, దాన్ని సరిగ్గా నిర్వహించాలి, జనం చూడగలిగేలా ఉంచాలి. అంటే ఆయన తగ్గించుకున్న ధరకి ప్రతిఫలం ఆ భవనమే. గెరిట్ రీట్‌వెల్ట్ అనే డచ్ ఆర్కిటెక్టు గీసిన ప్లాను ప్రకారం కట్టిన భవనం 1973లో తెరిచారు. రీట్‌వెల్ట్ అప్పటికి లేడు, ఇంజనీరుగారు మాత్రం చూసుకున్నారు, 1978 వరకూ బతికారు.

ఇప్పుడు మ్యూజియం అడుగుతున్నది ఆ కాగితం ప్రకారమే. ఏటా ఇచ్చేది గ్రాంటు కాదు, కొన్నదానికి చెల్లించాల్సిన బాకీ అంటున్నారు. కృష్ణకి అటూ ఇటూ ఉన్నవాళ్లకి ఈ వాదన విడమరిచి చెప్పక్కర్లేదు. 2015లో అమరావతి రాజధాని కోసం 33 వేల ఎకరాల పైచిలుకు పూలింగులో ఇచ్చిన రైతులు, అప్పుడు రాసుకున్న 9.14 ఒప్పంద కాగితాలు పట్టుకుని హైకోర్టుదాకా వెళ్లి, 2022 మార్చిలో తీర్పు తెచ్చుకున్నది మన కళ్లముందే జరిగింది. భూమి వేరు, బొమ్మ వేరు. కానీ ఇచ్చేసినవాడి చేతిలో మిగిలేది కాగితమే కదా, అది అక్కడా అంతే ఇక్కడా అంతే.

ప్రభుత్వం మాట కూడా చెప్పాలి. దేశంలోని జాతీయ మ్యూజియంలన్నిటికీ ఒకే పద్ధతిలో, నిపుణులు లెక్కగట్టి సొమ్ము ఇస్తున్నాం, వీళ్లకి సరిపడా ఇస్తున్నాం అని సాంస్కృతిక శాఖ అంటోంది.

సరే, మ్యూజియం చేతులు ముడుచుకు కూర్చుందా అంటే లేదు. తన ఖర్చులో 85 శాతం దాకా తనే సంపాదించుకుంటోంది, టికెట్లు, షాపు, లైసెన్సులు. 2023లో పోకెమాన్ అనే కార్టూన్ బొమ్మల వాళ్లతో కలిసి ప్రదర్శన పెట్టారు, వాన్ గో టోపీ పెట్టుకున్న పికాచు కార్డు ఉచితంగా ఇస్తామన్నారు. దాన్ని తీసుకెళ్లి ఎక్కువ ధరకి అమ్ముకుందామనుకున్నవాళ్లు ఎగబడి, షాపులో తోపులాటలై, చివరికి ఆ కార్డు ఇవ్వడం మానేయాల్సొచ్చింది. గోడల మీద బొమ్మల్ని ప్రొజెక్టర్లతో తిప్పి చూపించే షోలు ఊరూరా తిరుగుతున్నాయి, ఆయన పోయి 70 ఏళ్లు ఎప్పుడో దాటింది కాబట్టి కాపీరైటు లేదు, ఎవరికీ ఒక్క పైసా కట్టక్కర్లేదు. అసలు బొమ్మలకి తేమ తగలకుండా కాపాడే ఖర్చు మాత్రం అసలు బొమ్మలున్నవాళ్లదే.

అసలు బొమ్మ దగ్గర లేకపోతే ఎలా ఉంటుందో ఆర్ల్‌ని అడగాలి. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆ ఊళ్లో ఆయన ఏడాదికి పైగా ఉండి 200కి పైగా బొమ్మలు వేశాడు. ఊరి సొంతానికి ఒక్క పెయింటింగూ లేదు. ఆయన ఉన్న పసుపు ఇల్లు 1944 బాంబుదాడిలో పోయింది. బొమ్మలో ఉన్నట్టు కనపడాలని అక్కడి కాఫీ హోటల్‌కి తర్వాత పసుపు రంగు వేసుకున్నారు. ఓవర్‌లో ఆయన చనిపోయిన గదిలో సామాను కూడా లేదు, ఖాళీ గదిని చూడటానికే టికెట్ కొంటారు జనం.

మూతపడటం అంటే ఏంటో మనకి తెలియనిది కాదు. బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఏళ్ల తరబడి మూసి ఉండి 2020 అక్టోబరులో తెరుచుకుంది. మధ్యలో ఎన్నిసార్లు ఆ గేటు ముందునుంచి ఆటోలో వెళ్లానో, "రేపో మాపో తీస్తారు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

మా పిన్ని కొడుకు హాలండ్‌లోనే, డెల్ఫ్ట్ అనే ఊళ్లో చదువుతున్నాడు. ఇది రాస్తూ వాడికి మెసేజ్ పెట్టాను. "అన్నా, ముందు వాన్ గో అనడం మానెయ్, ఇక్కడ ఫన్ ఖోఖ్ అంటారు, గొంతులో కిచ్‌కిచ్ వచ్చినట్టు" అన్నాడు. ఏప్రిల్‌లో వాళ్లమ్మ తులిప్ తోటలు చూడ్డానికి వెళ్తోంది. మ్యూజియానికి టైము స్లాటు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, మనిషికి పాతిక యూరోల దరిదాపు, అంటే రెండున్నర వేలు. పిన్నికి ఫోన్ కలిపితే "అంత పోసి బొమ్మలేంట్రా, నా ఫోన్ కవరు మీద ఉన్నవేగా" అంది. ఎవరు కొనిచ్చారో తెలీదు గానీ ఆవిడదీ బాదం పూతే.

వాడు రెండు టికెట్లు బుక్ చేసేశాడు.