‘ఉస్తెద్’ వెనక్కి తగ్గింది ఎప్పటి నుంచి?

ఆసుపత్రిలో ఎనభై ఏళ్ల రోగిని నర్సు ‘తూ’ అని పలకరించవచ్చా, బడిలో ఉపాధ్యాయుణ్ణి పిల్లలు ‘ఉస్తెద్’ అనాలా అన్న వాదన స్పెయిన్‌లో ఎప్పటికప్పుడు సద్దుమణిగి మళ్లీ రాజుకుంటూనే ఉంది. మన నువ్వు, మీరులకు దగ్గరగా ఉండే ఈ రెండింటిలో మొదటిది రెండోదాన్ని మింగేస్తోందనీ, 1975లో నియంత ఫ్రాంకో మరణం, 1982లో సోషలిస్టుల విజయం తెచ్చిపెట్టిన విచ్చలవిడితనమే దీనికి కారణమనీ సంప్రదాయవాదులు అంటారు. ‘ఉస్తెద్’ పుట్టుపూర్వోత్తరాలు వ్యాకరణ గ్రంథాల్లో దొరుకుతాయి. ఇక్కడ తేల్చవలసింది ఈ కాలక్రమం సంగతి.

తర్వాతి కాలంలో రాయల్ స్పానిష్ అకాడమీకి అధ్యక్షుడైన కవి, భాషావేత్త దామాసో అలొన్సో ‘ఉస్తెద్ మరణం’ అన్న శీర్షికతో రాసిన వ్యాసం 1962 నాటిది. అప్పటికి ఫ్రాంకో పాలనకు ఇంకా పదమూడేళ్ల ఆయుష్షు ఉంది.

అసలు మలుపు 1936లో ఉంది. అంతర్యుద్ధం మొదలైన ఆ ఏడాది చివర బార్సిలోనా చేరిన ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్, అక్కడ ‘సెన్యోర్’, ‘దోన్’, చివరికి ‘ఉస్తెద్’ కూడా ఎవరి నోటా వినిపించడం లేదనీ, అందరూ ఒకరినొకరు కామ్రేడ్ అనీ ‘తూ’ అనీ పిలుచుకుంటున్నారనీ, హోటళ్లలో వడ్డించేవారు సైతం గిరాకీల ముఖంలోకి సూటిగా చూసి సమానుల్లా మాట్లాడుతున్నారనీ నమోదు చేశాడు. ఇది వామపక్షాల కథ మాత్రమే అయితే 1939 ఓటమితోనే ముగిసిపోయేది. కానీ ఎదుటి శిబిరంలో, అంటే ఫ్రాంకో వైపున ఉన్న ఫాసిస్టు పార్టీ ఫలాంజేవారు కూడా తమలో తాము ‘కమరాదా’, ‘తూ’ అనే అనుకునేవారు, యుద్ధంలో గెలిచింది ఆ శిబిరమే. ‘తూ’ ఓడినవారి మాటగా అణగారిపోకపోవడానికి ఇదొక ముఖ్య కారణమన్న సంగతిని నేటి ఫిర్యాదుదారులు సాధారణంగా ప్రస్తావించరు.

పైనుంచి కిందికి దిగే ‘తూ’ వేరు. 2007 నవంబరులో చిలీ రాజధాని సాంతియాగోలో జరిగిన శిఖరాగ్ర సభలో వెనిజువెలా అధ్యక్షుడు చావెజ్‌ను స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ నోరు మూసుకోమని గద్దించింది ఆ రూపంలోనే. అందులో సమానత్వం ఎవరికీ వినిపించలేదు. ముసలివారిని పసిపిల్లల్లా చూస్తున్నారన్న అభ్యంతరానికి బలం ఇక్కడే ఉంది. 2010లో మాడ్రిడ్ ప్రాంతం ఉపాధ్యాయులకు ప్రభుత్వాధికారి హోదా కల్పించే చట్టం చేసినప్పటి చర్చ మాత్రం దీన్ని వదిలి క్రమశిక్షణ వైపు మళ్లింది.

ఇప్పుడు మాడ్రిడ్ ఇళ్లలో వృద్ధులకు సేవలు చేస్తున్నవారిలో లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చిన మహిళలు చాలామంది ఉన్నారు, వారిలో కొలంబియావారూ ఉన్నారు. కొలంబియా రాజధాని బొగోతాలో తోబుట్టువులు, స్నేహితుల మధ్య కూడా ‘ఉస్తెద్’ మామూలే కనుక, స్పెయిన్ వృద్ధులు గౌరవంగా స్వీకరిస్తున్న పలకరింపు అక్కడి నుంచి వచ్చిన మహిళలకు ఇంట్లో మాట్లాడుకునే భాష కూడా.