నచ్చలేదంటే అలకెందుకు? గోదారి జిల్లాల్లో సినిమా వాదనల వెనక కథ

మొన్న సంక్రాంతికి అమలాపురంలో చుట్టాలింట్లో భోజనాలయ్యాక ఎవరికి ఏ సినిమా ఇష్టం, ఏది అస్సలు నచ్చలేదు అని మాటలు మొదలయ్యాయి. ఇష్టమైనవి చెప్పినంతసేపూ అందరం బానే ఉన్నాం, ఒకబ్బాయి ఫలానా హీరో సినిమా సెకండాఫ్ కూర్చోలేకపోయానండి అన్నాడో లేదో ఇద్దరు లేచి అరుగు మీదకి పోయారు, మళ్ళీ సాయంత్రం కాఫీలప్పుడు గానీ మాట్లాడలేదు. మన దగ్గర సినిమా మీద వాదన చాలా పాతది, ఈ అలక మాత్రం కొత్తది. అది ఎక్కడ మొదలైందా అని చాన్నాళ్ళుగా ఆలోచిస్తున్నా.

సినిమా రాకముందు డెల్టాలో ఈ పంచాయితీలన్నీ పద్యనాటకం మీదే. తిరుపతి వెంకట కవుల్లో ఒకరిది కడియం, ఒకరిది యండగండి, ఇద్దరూ ఇక్కడివాళ్ళే, వాళ్ళు రాసిన పాండవోద్యోగ విజయాల నాటకాల్లో పద్యాలు సంతకం రానివాళ్ళకి కూడా నోటికొచ్చు. సినిమా వచ్చాక కూడా ఆ పిచ్చి తగ్గలేదు, కృష్ణుడి వేషానికి పేరుమోసిన ఇద్దరు నాటక నటుల్లో పీసపాటి కృష్ణుడు గొప్పా షణ్ముఖి కృష్ణుడు గొప్పా అని తెల్లారేదాకా వాదించుకునేవాళ్ళంట, ఒకాయన మాట విరుపుకి, ఇంకో ఆయన రాగానికి పేరు. పద్యం బాగుంటే వన్స్ మోర్, బాగోకపోతే అభిమాన నటుడైనా సరే అక్కడికక్కడే చెప్పేసేవాళ్ళు. నాకు ముఖ్యం అనిపించేది ఆ రెండోదే.

ఇక సినిమా సంగతి. 1934 లవకుశ తీసిన సి. పుల్లయ్య గారిది కాకినాడ, రాజమండ్రిలో 1936 నాటికే దుర్గా సినీటోన్ అని స్టూడియో ఉండేది. కాబట్టి సినిమా అంటే మద్రాసు నుంచి దిగిన వింత అన్నట్టు మనవాళ్ళు ఎప్పుడూ చూడలేదు, నాటకాన్ని తూచిన తక్కెడలోనే దీన్నీ వేసి తూచారు.

పైగా గోదారి పాయల మధ్య లంకల్లో ఊళ్ళకి బొమ్మ కంటే టాక్ ముందొచ్చేది. నర్సాపురంలో మ్యాట్నీ చూసినవాళ్ళు పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద సఖినేటిపల్లి రేవు దాటేలోపు కథంతా చెప్పేసేవాళ్ళు, అదే ప్రింటు మా వైపు రావడానికి నెలలు పట్టేది. వచ్చాక కూడా ఒక్కోసారి ఒకే ప్రింటు రెండు హాళ్ళలో ఆడేది, అక్కడ అయిపోయిన రీళ్ళు ఇక్కడికి సైకిల్ మీద రావాలి. ఒకసారి వానలో ఆ రీళ్ళ పెట్టె రాక ముప్పావు గంట కూర్చున్నాం. రేకుల మీద వాన హోరు, నేల టికెట్ వాళ్ళు బీడీలు, బెంచీ వాళ్ళు వేరుశనక్కాయలు, అందరిదీ ఒకటే చర్చ, ఇప్పటిదాకా చూసిందాంట్లో ఏది బాగుంది, ఎక్కడ సాగదీశాడు. పక్కన కూర్చున్నాయన ఏ హీరో మనిషో మాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మరి అప్పుడు అభిమానులు లేరా అంటే లేకేం. రామారావు, నాగేశ్వరరావు కలిసి చేసిన గుండమ్మ కథకి కూడా ఎవరి వేషం పెద్దది అని వాదించుకున్న తరం అది. అన్నిటికంటే పెద్ద పరీక్ష 1977 సంక్రాంతికి పడింది, జనవరి 14న ఒకేరోజు రెండు భారతాలు దిగాయి. ఒకటి దాన వీర శూర కర్ణ, కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మూడూ రామారావే, దగ్గర దగ్గర నాలుగు గంటల సినిమా. రెండోది కురుక్షేత్రం, అందులో హీరో కృష్ణ అర్జునుడు, శోభన్ బాబు కృష్ణుడు, మన మొగల్తూరు కృష్ణంరాజు కర్ణుడు. పద్యం చెవుల్లో పెట్టుకుని పెరిగిన ఈ నేల మీద రెండు భారతాలు ఒకేరోజంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి! మా పెదనాన్నకి రామారావంటే ప్రాణం. రాజమండ్రి వెళ్ళి రెండూ చూసొచ్చి అరుగు మీద పదిమందిలో చెప్పాడంట, దుర్యోధనుడంటే రామారావేరా, ఇంకెవడూ లేడు, కానీ కర్ణుడు మాత్రం కృష్ణంరాజే బాగున్నాడు, మనూరి పక్కోడని కాదు అని. ఎవరూ అలగలేదు, నువ్వు రామారావు మనిషివేనా అని ఎవరూ అడగలేదు. ఆయన కట్టిన తీర్పే మా ఊళ్ళో చాలాకాలం నడిచింది, తీర్థంలో మైకులో మాత్రం ఆ దుర్యోధనుడి డైలాగులే మోగేవి.

అది మారింది ఎనభైల్లో అని నా లెక్క. అభిమాన సంఘాలు ఊరూరా పెరిగాయి, రబ్బరు స్టాంపులు, లెటర్ ప్యాడ్లు, వంద రోజులకి షీల్డులు. రక్తదానాలు లాంటి మంచి పనులు కూడా ఆ సంఘాలే చేశాయి, అది కాదనను. కానీ సంఘంలో చేరినోడు సినిమా బాగోలేదని బయట అనకూడదు అనే కట్టుబాటు కూడా దాంతోనే వచ్చింది. దానికి కులం కలిసింది. ఫలానా వీధివాడికి ఫలానా హీరోనే నచ్చాలి అని లెక్కేయడం మొదలెట్టాక నచ్చలేదు అన్నమాట సినిమాకి తగలడం మానేసి మనుషులకి తగలడం మొదలెట్టింది. 2015లో భీమవరంలో ఫ్లెక్సీ చింపారని మొదలైన ఫ్యాన్స్ గొడవ పోలీసులు దిగేదాకా వెళ్ళింది, ఆ గొడవలో సినిమా ఎలా ఉందన్న మాటే లేదు.

డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చి రీళ్ళ పెట్టెలు పోయాయి, హైదరాబాదులో పడ్డ రోజే రాజోలులోనూ బొమ్మ పడుతోంది, ఇది నిజంగా మంచిదే. కాకపోతే తీరిగ్గా అడిగి తెలుసుకునే టైమ్ పోయింది. ఇప్పుడు వాదన సీన్ల మీద కాదు, షేర్ (వసూళ్ళలో డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలే వాటా) ఎంత అనే దాని మీద. 2022లో జిల్లాలు విడగొట్టినా సినిమా వ్యాపారం చేసే ట్రేడ్ వాళ్ళకి ఇంకా ఈస్ట్ గోదావరి, వెస్ట్ గోదావరి రెండే, ఆ రెంటి నంబర్లు నోటికి చెప్పే కుర్రాళ్ళని అదే సినిమాలో నీకు నచ్చిన సీనేంట్రా అంటే తడుముకుంటారు.

ఆరోజు అమలాపురంలో అందరూ పడుకున్నాక మా అన్నయ్య కొడుకుని పెరట్లో అడిగా, వాడు ఒక హీరోకి వీరాభిమాని, మీవాడి సినిమాల్లో నీకు నచ్చనిది ఒక్కటి చెప్పరా అని. ముందు లేదన్నాడు. కాసేపాగి వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, ఒక పేరు చెప్పాడు. ఎందుకు నచ్చలేదో పదినిమిషాలు చెప్పాడు, ఇంటర్వెల్ దగ్గర కథ ఎలా చెడిందో, తల్లి వేషాన్ని ఎలా మధ్యలో వదిలేశారో, ఎంత బాగా చూశాడో అనిపించింది నాకు. అంతా చెప్పి, "మావాళ్ళతో అనకండి బాబాయ్" అని లోపలికి వెళ్ళిపోయాడు.