పొగ సరే, టైరు పొడి సంగతేంటి?

కారు వల్ల నష్టం అనగానే పొగ గురించే మాట్లాడతాం, ఎలక్ట్రిక్ కారు కొనేస్తే ఇక పాపం అంటదు అనుకుంటాం. టైర్ల ఊసు ఎవరూ ఎత్తరు. కొన్నేళ్ళు తిప్పాక గ్రిప్పు అరిగిపోయి టైర్లు మారుస్తాం కదా, మరి ఆ అరిగిన రబ్బరంతా ఎటు పోయినట్టు?

అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల (మనోళ్ళు బోలెడుమంది ఉండే ఏరియానే) కోహో సాల్మన్ అని ఒక చేప ఉంది, మన పులస లాగే సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ వస్తుంది. ఊళ్ళ మధ్య వాగుల్లోకి వచ్చినవి మాత్రం, వాన పడితే చాలు, నోరు తెరుచుకుని పిచ్చెక్కినట్టు గుండ్రంగా తిరిగి కొన్ని గంటల్లో చచ్చిపోయేవి, గుడ్లు కడుపులోనే ఉండిపోయేవి. కొన్ని వాగుల్లో ఇలా సగానికి పైగా పోయేవి. జబ్బా, పురుగుమందులా అని శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వెతికారు, ఏదీ కాదు.

చివరికి టైరు పొడి నానబెట్టిన నీళ్ళలో వేసి చూస్తే చేపలు అచ్చం అలాగే చచ్చాయి. ఆ నీళ్ళలో 2000కి పైగా కెమికల్స్ ఉన్నాయి, వాటిని విడగొట్టుకుంటూ పోతే మిగిలిన అసలు దోషి టైర్లలో కలిపే వాటి లిస్టులో ఎక్కడా లేదు! ఎందుకంటే దాన్ని ఎవరూ కలపలేదు, అదే పుట్టింది. గాల్లో ఉండే ఓజోన్ తగిలి రబ్బరు పగలకుండా 6పీపీడీ అనే మందు కలుపుతారు, ఆ దెబ్బ అది తిని 6పీపీడీ-క్వినోన్‌గా మారిపోతుంది, రోడ్డు మీది పొడిలోంచి వాన నీళ్ళతో కలిసి వాగులోకి పోతుంది. 2020లో బయటపెట్టారు ఈ సంగతి. లీటరు నీళ్ళలో మైక్రోగ్రాములో పదో వంతు ఉన్నా సగం కోహోలు పోతాయంట. విచిత్రం ఏంటంటే కోహోకి చుట్టమే అయిన చమ్ సాల్మన్‌ అనే చేపకి ఏమీ కాదు.

రోడ్డు నీళ్ళని ఇసుక, కంపోస్టు కలిపిన మట్టిలోంచి ఇంకనిస్తే చేపలు బతుకుతున్నాయి, కానీ ఉన్న రోడ్లన్నిటి పక్కనా అలాంటి గుంటలు తవ్వడం అయ్యే పనేనా? 6పీపీడీ తీసేద్దామంటే టైరు పగిలితే మనుషులు పోతారు, దాని బదులు ఏం వేయాలా అని వెతుకుతున్నారు. ఎలక్ట్రిక్ కారు ఇక్కడ ఏమీ ఆదుకోదు, బ్యాటరీ బరువుకి టైరు ఇంకాస్త అరిగినా అరుగుతుంది. పాల ప్యాకెట్‌కి కూడా కారు తియ్యాల్సిన ఊరు కట్టుకున్నాక ఇంజిన్ మారిస్తే ఏం లాభం, నన్నడిగితే అసలు గొడవ అక్కడుంది.

2024లో సియాటిల్ పక్కనే ఉన్న బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ఊళ్ళ మధ్య లైట్ రైలు (మన మెట్రో లాంటిదే) మొదలైంది, పట్టాల మీద ఇనుప చక్రాలు, ఈ గోలే లేదు. కాకపోతే అక్కడా కొన్ని స్టేషన్ల పక్కన పేద్ద కార్ పార్కింగులు కట్టాల్సొచ్చింది.