ఇంట్లో ఒకరికి టీబీ: మిగతావాళ్ళకు చేసే పరీక్షలు చెప్పేదెంత?

ఇంట్లో ఒకరి తెమడలో టీబీ క్రిములు ఉన్నాయని తేలితే మందులు వాళ్ళొక్కరికే మొదలవుతాయి, టెన్షన్ మాత్రం ఇంటిల్లిపాదికీ. తెలంగాణ సరిహద్దులో, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ వైపు తెలుగు ఊళ్ళలో, క్రిమి సోకిందో లేదో చూడటానికి చేతికి వేసే సూది గురించి అవ్వలు అడిగే మాట ఒకటే: "గీ సూదితోని తెలుస్తదా బిడ్డా, మా పోరనికి గూడ వస్తదో రాదో?"

క్రిమి సోకిందో లేదో చాలావరకు తెలుస్తుందవ్వా. రేపు జబ్బు పడతాడో లేదో మాత్రం ఆ సూది చెప్పలేదు.

సోకడం వేరు, జబ్బు పడటం వేరు. దగ్గు తుంపరలతో ఊపిరితిత్తుల్లో చేరిన క్రిమిని ఒంట్లోని రక్షణ కణాలు చుట్టుముట్టి కదలకుండా కట్టేస్తాయి. సోకినవాళ్ళలో నూటికి అయిదు నుంచి పదిమందే జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు పడతారు. అందులోనూ ఎక్కువమంది మొదటి రెండేళ్ళలోనే. చర్మ పరీక్ష గానీ రక్త పరీక్ష గానీ క్రిమిని నేరుగా చూడవు. ఆ క్రిమిని ఎరిగిన కణాలు ఒంట్లో ఉన్నాయా లేదా అన్నదే చూస్తాయి. వాగు ఇసుకలో పులి అడుగు కనిపిస్తే పులి వచ్చిందని తెలుస్తుంది. ఇంకా ఇక్కడే ఉందా, మీద పడుతుందా అన్నది అడుగు చెప్పదు.

1890లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ టీబీ క్రిముల నుంచి తీసిన ట్యూబర్‌క్యులిన్‌ను టీబీకి మందుగా ప్రకటించాడు. మందుగా పనికిరాలేదు గానీ, ఆ తర్వాత పిర్కే, మాంటూ అనే వైద్యులు దాన్నే పరీక్షగా మలిచారు. ముంజేతి చర్మంలో కొద్దిగా ఎక్కించి, 48 నుంచి 72 గంటల్లోపు చూస్తారు. చూడాల్సింది ఎర్రదనం కాదు, గట్టిదనం. బాల్‌పెన్నుతో బయటి నుంచి లోపలికి గీత గీసుకుంటూ వస్తే, గట్టి అంచు తగలగానే పెన్ను ఆగుతుంది. రెండో వైపు నుంచీ అలాగే గీసి, మధ్య దూరాన్ని చేతికి అడ్డంగా స్కేలుతో కొలుస్తారు. మామూలుగా 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పాజిటివ్. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు 5 చాలు.

చిక్కేమిటంటే, ట్యూబర్‌క్యులిన్‌లో ఉన్న ప్రొటీన్లు కొన్ని బీసీజీ టీకాలోనూ ఉంటాయి. మన దేశంలో 1948లో మదనపల్లెలో మొదలైన ఆ టీకా ఇప్పుడు పుట్టిన ప్రతి బిడ్డకూ వేస్తున్నారు. అందుకని టీకా వల్ల కూడా చెయ్యి ఉబ్బవచ్చు. బీసీజీలో లేని రెండు ప్రొటీన్లు, ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనేవి, తీసుకుని ఆ లోపం సరిదిద్దారు. రక్త పరీక్షలో వీటిని రక్తంతో కలిపి, కణాలు గామా ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తున్నాయా అని చూస్తారు. మంచి పరీక్షే. కానీ బాగా వాడే ఒక రకంలో రక్తం తీసిన 16 గంటల్లోపు ట్యూబులు ఇంక్యుబేటర్‌లో పడాలి. పెద్ద ల్యాబు ఎక్కడో ఉన్న ఊళ్ళకు ఇది పెద్ద పరీక్షే! ఆ రెండు ప్రొటీన్లతోనే చర్మానికి వేసే సై-టీబీ అనే సూదిని పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేస్తోంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ తరహా సూదులు వాడవచ్చని చెప్పింది. దీనికి గట్టిదనం 5 మిల్లీమీటర్లు ఉన్నా పాజిటివే. ల్యాబుతో పని లేదు కాబట్టి, నా దృష్టిలో సరిహద్దు ఊళ్ళకు ఇదే సరైనది.

అయినా జోస్యం మాత్రం ఇది కూడా చెప్పదు. చాలా అధ్యయనాల్లో పాజిటివ్ వచ్చిన పెద్దవాళ్ళలో రెండేళ్ళలో జబ్బు పడినవాళ్ళు నూటికి అయిదుగురి లోపే. నెగిటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. క్రిమి సోకాక పరీక్షలో బయటపడటానికి కొన్ని వారాలు పడుతుంది. తిండి లేక చిక్కిపోయిన ఒంట్లో, హెచ్‌ఐవీ ఉన్న ఒంట్లో కణాలు స్పందించకపోవచ్చు. అంటే అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్ళ విషయంలోనే పరీక్ష తడబడుతుంది.

అందుకే అయిదేళ్ళలోపు పిల్లల విషయంలో జాతీయ మార్గదర్శకాలు ఈ పరీక్ష కోసం ఆగమనవు. జబ్బు లేదని చూసుకుని నివారణ మందు మొదలుపెట్టమంటాయి. పెద్దవాళ్ళకు కూడా పరీక్ష దొరకలేదన్న కారణంతో మందు ఆపకూడదు. జబ్బు లేదని తేల్చుకోవడం మాత్రం తప్పనిసరి. లోపల జబ్బు ఉండగా నివారణ మందు ఇస్తే క్రిమి మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. ఎడతెగని దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయా అని అడగాలి, ఎక్స్‌రే తీయాలి.

పరీక్షల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా తిండి మీద పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. జార్ఖండ్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో టీబీ రోగుల ఇళ్ళలోని మిగతావాళ్ళకు నెలనెలా అదనంగా బియ్యం, పప్పు, విటమిన్లు ఇచ్చారు. ఇవ్వని ఇళ్ళతో పోలిస్తే కొత్తగా జబ్బు పడటం 39 శాతం తగ్గింది. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి.

ఇక మన ఊళ్ళలో సూదికి అసలు అడ్డం మిరప కోతలు. సోమవారం సూది వేయించుకుని, మంగళవారం గోదావరి దాటి కూలికి వెళ్ళిపోతే, బుధ, గురువారాల్లో ఆ చెయ్యి చూసేదెవరు? సూది వేసేముందే "ఎల్లుండి ఇంటికాడ ఉంటవా అక్కా?" అని అడగాలి. ఉండదని తేలితే సూది పక్కన పెట్టి, జబ్బు లేదని చూసుకుని మందే మొదలుపెట్టవచ్చు. వారానికోసారి చొప్పున 12 వారాలు వేసుకునే కోర్సు దొరికితే, మాత్రలు చేను దగ్గరికి వెంట తీసుకుపోవచ్చు.